గ్రంథాలయ వేదికపై దక్షిణాది రచయితలు: ఎలా వినాలి, ఏమి అడగాలి



ఈ మధ్య కాలంలో దక్షిణాది రాష్ట్రాల్లోని గ్రంథాలయాలు పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడంతో ఆగడం లేదు. ఆ పుస్తకాలు రాసినవాళ్ళను పిలిచి పాఠకుల ముందు కూర్చోబెడుతున్నాయి. 2022-23లో తమిళనాడు పౌర గ్రంథాలయ శాఖ పొరునై, వైగై, కావేరి, సిరువాణి అంటూ నదుల పేర్లతో వేర్వేరు ప్రాంతాల్లో సాహిత్య ఉత్సవాలు జరిపింది. 2023 జనవరిలో కేరళ శాసనసభ గ్రంథాలయం తన శతాబ్ది సందర్భంగా శాసనసభ ఆవరణలోనే పుస్తకోత్సవం పెట్టి, సామాన్య పాఠకులను లోపలికి ఆహ్వానించింది. హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో సాయంత్రం పూట రచయితల సభలు జరగడం మీలో చాలామందికి తెలుసు. కేంద్ర సాహిత్య అకాడమీ కూడా రచయితలతో ముఖాముఖి, కథాసంధి, కవిసంధి, స్త్రీల కోసం అస్మిత, యువ రచయితల కోసం ములాకాత్ వంటి కార్యక్రమాలను దేశమంతటా నిర్వహిస్తోంది.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడో, ఇక్కడే దగ్గరలోని నగరంలోనో ఇలాంటి సభకు వెళ్ళే అవకాశం మీకు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. వెళ్ళిన పిల్లలు చాలామంది ఫోటో దిగి, సంతకం తీసుకుని వచ్చేస్తారు. అది తప్పని మేము అనం. కానీ అక్కడ దొరికేది అంతకంటే ఎక్కువ. ఆ ఎక్కువ ఏమిటో, దాన్ని ఎలా అందుకోవాలో చెప్పడానికే ఈ వ్యాసం.

చర్చావేదిక అంటే ఏమిటి?

ఉపన్యాసంలో ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్ళు వింటారు. చర్చావేదిక పద్ధతి వేరు. ముగ్గురు నలుగురు రచయితలు పక్కపక్కన కూర్చుంటారు. వాళ్ళతోపాటు ఒక సమన్వయకర్త ఉంటారు. సమన్వయకర్త పని చిన్నదిగా కనిపించినా చాలా బరువైనది. అందరి పుస్తకాలూ ముందే చదివి రావాలి. ఒకరు సాగదీస్తే మర్యాదగా ఆపాలి. మొహమాటంతో మాట్లాడని వారిని మాట్లాడించాలి. ఒకరు అన్న మాటను మరొకరికి అందించి, నలుగురి మాటలూ ఒకే సంభాషణగా సాగేలా చూడాలి. మన ఊళ్ళో రచ్చబండ దగ్గర పెద్దమనిషి చేసే పని లాంటిదే ఇది. తీర్పు చెప్పడం ఒక్కటే ఉండదు.

సాధారణంగా ఇలాంటి సభ గంట, గంటన్నర సాగుతుంది. మొదట పరిచయాలు, తరువాత ఒక్కో రచయిత తమ పుస్తకంలోంచి ఒకటి రెండు పేజీలు చదవడం, ఆ తరువాత చర్చ, చివర శ్రోతల ప్రశ్నలు. వీటిలో చాలామంది అంతగా పట్టించుకోనిది ఆ చదివే భాగమే. మా లెక్కలో అన్నిటికంటే విలువైనది అదే. రచయిత తన వాక్యాన్ని ఎక్కడ ఆపుతున్నారు, ఏ మాట మీద గొంతు పెంచుతున్నారు, ఎక్కడ నవ్వు దాచుకుంటున్నారు అన్నవి అచ్చులో కనిపించవు. ఒకసారి విన్నాక ఆ పుస్తకాన్ని మళ్ళీ చదవండి. ఆ గొంతు మీకు వినిపిస్తూనే ఉంటుంది.

గ్రంథాలయంలోనే ఎందుకు?

సభ పెట్టుకోవడానికి ఊళ్ళో కల్యాణ మండపాలు ఉన్నాయి, ఆడిటోరియంలు ఉన్నాయి. అయినా రచయితల సభకు గ్రంథాలయమే తగిన చోటు అనడానికి కారణాలు ఉన్నాయి. అక్కడ టికెట్టు ఉండదు. వచ్చినవాడు ఎవరని అడిగేవారు ఉండరు. సభ అయిపోగానే ఆ రచయిత పుస్తకం అరలో ఉంటుంది, తీసుకుని ఇంటికి వెళ్ళవచ్చు.

దీని వెనుక పెద్ద చరిత్రే ఉంది. దక్షిణాదిలో గ్రంథాలయం ప్రజా ఉద్యమంగా పెరిగింది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఏర్పడింది. అప్పటి నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు చోటు తక్కువ. ఆ రోజుల్లో తెలుగువాళ్ళు నలుగురు కలుసుకోవడానికి, మాట్లాడుకోవడానికి ఆ గ్రంథాలయమే ఇల్లయింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలైంది. 1929లో గాంధీజీ అక్కడికి వచ్చి కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ ఆ చిన్న ఊరికి వెళుతుంటారు. 1930లలో కృష్ణా డెల్టా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని రేవు రేవుకూ తిప్పారు. పడవ గ్రంథాలయం అన్న మాట ఇప్పుడు కథలా అనిపిస్తుంది. పాతూరి నాగభూషణం గారి వంటి కార్యకర్తలు దాన్ని నిజంగా నడిపించారు.

మదరాసులో కన్నెమరా గ్రంథాలయం 1896లో తెరుచుకుంది. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు అందుకునే నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. లెక్కల అధ్యాపకుడుగా ఉన్న ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ బాధ్యత తీసుకుని, 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశారు. పుస్తకం దాచడానికి కాదు, వాడుకోవడానికి అన్నది అందులో మొదటి దాని సారం. ప్రతి పుస్తకానికీ ఎక్కడో ఒక పాఠకుడు ఉంటాడు, అతడిని వెతికి పట్టుకోవాలి అన్నది మూడో దాని సారం. రచయితల సభ చేసేది సరిగ్గా ఈ పనే. అరలో నిద్రపోతున్న పుస్తకానికి పాఠకుణ్ణి వెతికి పెడుతుంది. స్వాతంత్ర్యం వచ్చాక మొట్టమొదటి గ్రంథాలయ చట్టం 1948లో మద్రాసులో వచ్చిందంటే ఆ కృషి ఫలితమే.

కేరళలో పి.ఎన్. పణిక్కర్ గారు ఒక బడిపంతులు. 1945లో 47 గ్రంథాలయాలను కలిపి తిరువితాంకూరు గ్రంథశాల సంఘం పెట్టించారు. చదివి ఎదగండి అన్నది ఆయన ఊరూరా తిరిగి చెప్పిన మాట. ఆయన 1995 జూన్ 19న కన్నుమూశారు. మన విద్యాలయాల్లో జూన్ 19న పఠన దినం జరుపుకుంటాం కదా, అది ఆయన వర్ధంతి అని మీలో ఎందరికి తెలుసు?

ఒక వేదిక, నాలుగు భాషలు

తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం రచయితలు నలుగురు ఒకే వేదిక మీద కూర్చుంటే వాళ్ళు ఏ భాషలో మాట్లాడుకోవాలి? ఎక్కువసార్లు ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. సౌకర్యంగా ఉంటుంది. కానీ జాగ్రత్తగా వింటే ఆ సౌకర్యానికి మనం ఇచ్చే మూల్యం తెలుస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. తెలుగు కథలో చిన్నాన్న, పెదనాన్న, మామయ్య అని ముగ్గురు ఉన్నారనుకోండి. ఇంగ్లీషులోకి వెళ్ళగానే ముగ్గురూ అంకుల్ అయిపోతారు. చిన్నాన్నతో ఉండే చనువు, పెదనాన్న దగ్గర ఉండే బెదురు, మామయ్యతో ఆడే పరాచికం అన్నీ ఒకే మాటలో కలిసిపోతాయి. అదే కథ తమిళంలోకి వెళితే చిన్నాన్న చిత్తప్పా, పెదనాన్న పెరియప్పా. కన్నడంలో చిక్కప్ప, దొడ్డప్ప. మలయాళంలో చెరియచ్ఛన్, వలియచ్ఛన్. నాలుగు భాషల్లోనూ ఆ మాటలకు అర్థం ఒకటే: చిన్న తండ్రి, పెద్ద తండ్రి. పక్కింటికి వెళ్ళవలసిన కథ ఇంగ్లీషు మీదుగా వెళితే దారిలో చుట్టాలను పోగొట్టుకుంటుంది. నేరుగా వెళితే అందరూ క్షేమంగా చేరతారు.

ఇంకొకటి. మేము, మనము అన్న తేడా మీకు పుట్టుకతో తెలుసు. మేము సినిమాకు వెళుతున్నాం అంటే నువ్వు రావడం లేదని. మనం సినిమాకు వెళుతున్నాం అంటే నువ్వూ ఉన్నావని. తమిళంలో నాంగళ్, నామ్ అని ఈ తేడా ఉంది. మలయాళంలో ఞంగళ్, నమ్మళ్ అని ఉంది. కన్నడంలో మాత్రం ఇప్పుడు రెండింటికీ నావు ఒక్కటే. హిందీలో హమ్ ఒక్కటే. ఇంగ్లీషులోనూ ఒక్కటే మాట. ఒక కథలో తండ్రి కొడుకుతో మనం అని మాట్లాడుతూ వచ్చి, గొడవ జరిగిన రోజున మేము అన్నాడనుకోండి. ఆ ఒక్క అక్షరంతో కొడుకును ఇంట్లోంచి బయట నిలబెట్టాడు. తెలుగు, తమిళం, మలయాళం పాఠకులకు గుండె కలుక్కుమంటుంది. ఇంగ్లీషులో చదివేవారికి ఏమీ జరిగినట్టే ఉండదు, అనువాదకుడు ఏదో ఒక ఉపాయం పన్నితే తప్ప.

అందుకే సభలో రచయిత తన భాషలో చదువుతున్నప్పుడు, అర్థం కాకపోయినా చెవి ఒగ్గి వినమని మేము చెబుతుంటాం. నాలుగు వాక్యాలు వినేసరికి అక్క, అమ్మ, నీరు, ఊరు, కన్ను, కాలు వంటి పరిచయమైన మాటలు ఒకటొకటిగా తగులుతాయి. తెలియని ఊళ్ళో దూరపు చుట్టం కనబడినట్టు ఉంటుంది.

ఇంటి భాష ఒకటి, రాసే భాష ఒకటి

దక్షిణాది రచయితల గురించి మాట్లాడేటప్పుడు ఫలానావారు ఫలానా భాష రచయిత అని గీత గీసేస్తాం. వాళ్ళ ఇళ్ళలోకి తొంగిచూస్తే ఆ గీత చెరిగిపోతుంది. కన్నడ కథకు పెద్దదిక్కు అనిపించుకుని 1983లో జ్ఞానపీఠం అందుకున్న మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఇంటి భాష తమిళం. 1973లో జ్ఞానపీఠం అందుకున్న కన్నడ కవి ద.రా. బేంద్రే ఇంటి భాష మరాఠీ. 1998లో అందుకున్న కన్నడ నాటకకర్త గిరీష్ కర్నాడ్ ఇంటి భాష కొంకణి.

మనకు మరీ దగ్గరి ఉదాహరణ తమిళ రచయిత కి. రాజనారాయణన్. అందరూ కీరా అంటారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ అనే పల్లె ఆయనది. ఇంట్లో మాట్లాడేది తెలుగు. శతాబ్దాల క్రితం తెలుగు దేశం నుంచి దక్షిణానికి వలస వెళ్ళి, ఆ నల్లరేగడి నేలలో అడవి కొట్టి ఊరు కట్టుకున్న కుటుంబాల కథను ఆయన గోపల్ల గ్రామం అనే నవలగా తమిళంలో రాశారు. దాని కొనసాగింపు నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయనకు పెద్దగా బడి చదువు లేదు. అయినా ఆ ప్రాంతపు పల్లె మాటలను ఏరి ఒక నిఘంటువు కూర్చారు, పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 2021లో మరణించే వరకూ కథలు చెబుతూనే ఉన్నారు. అదే ఇడైసేవల్‌లో పుట్టిన కు. అళగిరిసామి కూడా తెలుగు ఇంటివారే, తమిళ కథకుల్లో అగ్రశ్రేణివారే.

ఈ సంగతి మీకు ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. మన విద్యాలయాల్లో తొమ్మిదో తరగతికి రాగానే కొంతమంది పిల్లలు ఒక ఏడాది పాటు వేరే భాషా ప్రాంతానికి వెళతారు. తెలుగు పిల్లలు హిందీ జిల్లాకు వస్తారు, అక్కడి పిల్లలు తెలుగు జిల్లాకు వెళతారు. మేమూ మీలాగే బదిలీల మీద బదిలీలు తిరిగినవాళ్ళం. ప్రతి చోటా జూలై నెలలో ఒకే భయం చూస్తాం. హిందీ రాదని నవ్వుతారేమో అన్న భయం మొదటిది. తెలుగు మరిచిపోతామేమో అన్న భయం, కొంచెం ఆలస్యంగా వచ్చేది, రెండోది. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష ఉండడం లోపం కాదని కీరా, మాస్తి, బేంద్రేల జీవితాలు చూపిస్తున్నాయి. రెండు భాషల మధ్య నిలబడ్డవాడికి రెండు వైపులా కనిపిస్తుంది. కాకపోతే ఆ రెండిటినీ చదువుతూ ఉండాలి. చదవడం మానేసిన భాష ముందు రాతలోంచి పోతుంది, తరువాత నోట్లోంచి పోతుంది.

బడి చదువు తక్కువైనా చదవడం మానని రచయితలు దక్షిణాదిలో చాలామందే ఉన్నారు. 2002 జ్ఞానపీఠ గ్రహీత, తమిళ రచయిత జయకాంతన్ ఐదో తరగతితో బడి మానేశారు. 2012 సంవత్సరానికి జ్ఞానపీఠం అందుకున్న మన రావూరి భరద్వాజ గారికి ఉన్నత పాఠశాల చదువు కూడా పూర్తి కాలేదు. పొలం పనులు, చిన్నచిన్న కొలువులు చేస్తూ చదువుకున్నారు. బడి ఆగినా వాళ్ళ చదువు ఆగలేదు.

అనువాదకులకూ ఒక కుర్చీ

ఇదివరకు సభల్లో రచయిత వేదిక మీద ఉంటే, అనువాదకుడు ప్రేక్షకుల్లో కూర్చునేవాడు. ఇప్పుడు మెల్లగా వాళ్ళకూ కుర్చీ వేస్తున్నారు. 2025 మే నెలలో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ కథల సంపుటి హార్ట్ ల్యాంప్‌కు అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చింది. కన్నడ పుస్తకానికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి, కథల సంపుటికి రావడమూ అదే మొదటిసారి. ఆ బహుమతి మొత్తం 50,000 పౌండ్లు. అందులో సగం రచయిత్రిది, సగం అనువాదకురాలు దీపా భాస్తిది. ఒక పుస్తకం ఇంకో భాషలో బతకాలంటే ఇద్దరు మనుషుల శ్రమ కావాలని ఆ పంపకమే చెబుతోంది. హాసన్‌కు చెందిన బాను ముష్తాక్ న్యాయవాది కూడా. తన చుట్టూ ఉన్న ముస్లిం స్త్రీల జీవితాలను ఆమె కథలుగా రాశారు.

తెలుగు నుంచి వెళ్ళినవీ ఉన్నాయి. ఓల్గా గారి విముక్త కథలకు 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. టి. విజయ్ కుమార్, సి. విజయశ్రీ ఆ కథలను ఇంగ్లీషులోకి తీసుకెళ్ళారు. మనకు వచ్చినవాటిలో శివరామ కారంత్ కన్నడ నవల తెలుగులో మరల సేద్యానికి పేరుతో దొరుకుతుంది. కోస్తా కర్ణాటకలో ఒక కుటుంబపు మూడు తరాల కథ. సముద్రం పక్కనే ఉన్న పొలాన్ని వదిలి పట్నానికి పోయిన కుటుంబం మళ్ళీ మట్టి దగ్గరికి రావడం అందులో ఉంది. దాన్ని తెలుగు చేసిన తిరుమల రామచంద్ర గారు పేరున్న భాషా పండితులు. నేషనల్ బుక్ ట్రస్ట్ ఆదాన ప్రదాన్ అనే వరుసలో, సాహిత్య అకాడమీ తన ప్రచురణల్లో ఇలాంటి అనువాదాలు తక్కువ ధరకు తెచ్చాయి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా, పుస్తకాల విషయంలో ఆ సామెత అక్షరాలా నిజం.

నాలుగు భాషల మధ్య వంతెన కట్టిన ఇంకొక మనిషి గురించి చెప్పకపోతే ఈ భాగం పూర్తికాదు. కేరళలో తలశ్శేరికి చెందిన ఞాట్యేల శ్రీధరన్ నాలుగో తరగతితో బడి మానేసి బీడీలు చుట్టారు. కన్నూరు ప్రాంతపు బీడీ కార్ఖానాల్లో ఒక అలవాటు ఉండేది: అందరూ బీడీలు చుడుతుంటే ఒకరు పత్రికో, పుస్తకమో పైకి చదివేవారు. శ్రీధరన్ తరువాత పరీక్ష రాసి ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. పదవీ విరమణ తరువాత తన తీరిక కాలమంతా ఒకే పనికి పెట్టి, దాదాపు ఇరవై ఐదేళ్ళ శ్రమతో మలయాళం, కన్నడం, తమిళం, తెలుగు మాటలను పక్కపక్కన పెట్టిన నిఘంటువు తయారుచేశారు. అది 2020లో అచ్చయింది. ఆయన మీద తీసిన డాక్యుమెంటరీకి జాతీయ పురస్కారం కూడా వచ్చింది. పెద్ద సంస్థలు చేయవలసిన పనిని ఒక్క మనిషి చేశారు. ఇలాంటివారు సభలో మీ పక్క కుర్చీలోనే కూర్చుని ఉండవచ్చు.

వెళ్ళేముందు, అక్కడ, వచ్చాక

ఇక మీరు చేయవలసిన పనికి వద్దాం.

వెళ్ళేముందు ఒక్క కథైనా చదవండి. వేదిక మీద నలుగురు ఉంటే నలుగురినీ చదవడం కష్టం. ఒక్కరి ఒక్క కథ చాలు. కానీ రెండుసార్లు చదవండి. మొదటిసారి ఏమి జరిగిందో తెలుస్తుంది. రెండోసారి ఎలా చెప్పారో తెలుస్తుంది. మీకు అర్థం కాని చోటు, మీకు నచ్చని చోటు పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి (గ్రంథాలయం పుస్తకమైతే నోటుబుక్కులో రాసుకోండి, పుస్తకం మీద కాదు).

అక్కడ వింటున్నప్పుడు అన్నీ రాసుకోవాలని చూడకండి. పేజీని మధ్యకు మడిచి, ఎడమవైపు రచయిత అన్న మాట, కుడివైపు మీకు వచ్చిన ఆలోచన రాయండి. ఇంటికి వచ్చాక కుడివైపుదే పనికొస్తుంది. ఇద్దరు రచయితలు ఒకే విషయం మీద విభేదిస్తే చెవులు రిక్కించండి. మాండలికంలో రాయాలా, అందరికీ అర్థమయ్యే భాషలో రాయాలా అన్నది ఇలాంటి వేదికల మీద తరచూ వచ్చే వాదన. కన్నడంలో దేవనూర మహాదేవ కుసుమబాలెను నంజనగూడు ప్రాంతపు మాటల్లో రాశారు. తెలుగులో నామిని చిత్తూరు జిల్లా పల్లె మాటల్లో రాశారు. చదవడం మొదట కష్టమే, కానీ ఆ మనుషులు ఆ మాటల్లోనే బతుకుతారు. రెండు వైపులా న్యాయం ఉన్న వాదన ఇది. పెద్దవాళ్ళు గౌరవం తప్పకుండా ఎలా విభేదిస్తారో చూడడం కూడా ఒక పాఠమే.

ఇప్పుడు ప్రశ్న సంగతి. ప్రశ్న అడగడానికి లేచి ఐదు నిమిషాలు సొంత ఉపన్యాసం ఇచ్చేవాళ్ళు ప్రతి సభలో ఇద్దరైనా ఉంటారు. మీరు వాళ్ళలో చేరకండి. పేరు, తరగతి చెప్పి, రెండు వాక్యాల్లో అడగండి. మీకు ప్రేరణ ఎవరు, ఈ నవలలో సందేశం ఏమిటి వంటి ప్రశ్నలకు రచయితలు వందసార్లు జవాబు చెప్పి ఉంటారు, నూట ఒకటోసారి అదే చెబుతారు. పుస్తకంలోని ఒక చోటును పట్టుకుని అడిగితే వాళ్ళ ముఖం వెలుగుతుంది. విముక్తలో సీత, శూర్పణఖ కలుసుకునే కథ చదివారనుకోండి. శూర్పణఖకు అంత అందమైన తోట ఎందుకు ఇచ్చారు అని అడగండి. బెన్యామిన్ మలయాళంలో రాసిన ఆడుజీవితం, ఎడారిలో మేకలు కాసే గల్ఫు కార్మికుడి కథ. కరీంనగర్ నుంచో, కడప నుంచో, కోనసీమ నుంచో గల్ఫు వెళ్ళినవాళ్ళు మీ ఇంట్లోనే ఉండవచ్చు. ఒకరి నిజ జీవితం నవల అయినప్పుడు ఏమి దాచాలి, ఏమి చెప్పాలి అని అడగండి. అది మీ ఇంటి ప్రశ్న కూడా అవుతుంది.

పిలిచే తీరు కూడా ముఖ్యమే. తెలుగులో మాట్లాడితే పేరు చివర గారు చేర్చండి. వేరే భాషవారైతే సార్, మేడమ్ అంటే చాలు. మీకు ఇంగ్లీషు తడబడుతుందనుకుంటే తెలుగులోనో, హిందీలోనో అడగండి. సమన్వయకర్త అనువదించి చెబుతారు. నాలుగు భాషల సభలో ఐదో భాషలో ప్రశ్న వస్తే ఎవరూ నొచ్చుకోరు.

వచ్చాక ఆ రాత్రే ఒక పేజీ రాయండి. వారం ఆగితే సగం పోతుంది. ఆ రచయిత పుస్తకం ఇంకొకటి తీసుకోండి. సభ ఫలితం తెలిసేది అప్పుడే.

మన గ్రంథాలయంలోనూ చేయవచ్చు

మాకు రచయితలు ఎవరు వస్తారు మాస్టారూ అని మీరు అడుగుతారు. నిజమే. మన విద్యాలయాలు చాలావరకు పట్నాలకు దూరంగా ఉంటాయి. మేము పనిచేసిన ఒక చోట తెలుగు పుస్తకాలన్నీ ఒకే బీరువాలో, మూల గదిలో ఉండేవి. రిజిస్టరు తిరగేస్తే కొన్నింటిని ఏళ్ళ తరబడి ఎవరూ తీసుకోలేదని తెలిసింది. పుస్తకం ఎవరూ తీసుకోకపోతే కొన్నాళ్ళకు దాన్ని పనికిరాని జాబితాలో వేస్తారు. ఒక ఏడాది కోసం అంత దూరం వచ్చిన తెలుగు పిల్లలకు ఆ బీరువా తప్ప ఇంటి భాషలో చదువుకోవడానికి మరో చోటు లేదు. ఆ బీరువా పోతే ఏమి పోతుందో ఆలోచించండి.

అక్కడ మేము చేసింది చిన్న పని. నలుగురు విద్యార్థులను నాలుగు భాషల రచయితలకు ప్రతినిధులుగా ఎంచుకున్నాం. ఒక్కొక్కరు ఒక్క కథను, తెలుగులోనో హిందీలోనో దొరికిన అనువాదంలో చదివి వచ్చారు. హిందీ పిల్లల్లో ఒకరు సమన్వయకర్త. నలభై నిమిషాల పీరియడులో ముందు పన్నెండు నిమిషాలు కథలోంచి చదవడం, తరువాత పదిహేను నిమిషాలు చర్చ, మిగిలినది ప్రశ్నలు. రచయిత బదులు పాఠకుడే వేదిక ఎక్కాడు. నెల తిరిగేసరికి రిజిస్టరులో ఆ బీరువా పుస్తకాలకు కొత్త సంతకాలు వచ్చాయి. వాటిలో హిందీ పిల్లల సంతకాలూ ఉన్నాయి. తెలుగు అక్షరాలు నేర్పమని వచ్చినవారు ఇద్దరు.

దీనికి అనుమతులు, ఖర్చులు పెద్దగా అక్కర్లేదు. గ్రంథపాలకులకు ముందుగా చెప్పి, ఒక పీరియడు అడగాలి అంతే. ఏడాదిలో మంచి రోజులు కూడా ఉన్నాయి. జూన్ 19 పఠన దినం. ఆగస్టు 12 రంగనాథన్ గారి పేరిట జరిపే జాతీయ గ్రంథపాలకుల దినం. ఆగస్టు 29 గిడుగు వారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. ఈ ఐదింటిలో ఒక్కదాన్ని ఎంచుకోండి. ఒక కథ, నలుగురు పిల్లలు, ఒక పీరియడు చాలు.

ఈ సంచిక మీ చేతికి అందిన వారంలోనే గ్రంథాలయానికి వెళ్ళి, తెలుగు అర ఎక్కడ ఉందో కనుక్కుని, ఒక పుస్తకం మీ పేరు మీద రాయించుకోండి. దొరికితే పొరుగు భాష నుంచి తెలుగులోకి వచ్చిన పుస్తకం తీసుకోండి. చదివాక మీకు తట్టిన ప్రశ్నను ఒక కాగితం మీద రాసి మీ తెలుగు ఉపాధ్యాయులకు ఇవ్వండి. ఏ రోజునో ఆ రచయిత మీ ఎదుట కూర్చున్నప్పుడు అడగడానికి అది పనికివస్తుంది.